వీసం తేడా – బొంత కుట్టులో కొలతలు, పనిముట్లు

ఉపోద్ఘాతం

తిండి, బట్ట, గూడు మనిషికి కనీస అవసరాలని చిన్న తరగతుల నుంచి చదువుకుంటూ వచ్చాం. ఆ బట్ట పాతబడిపోయాక ఏమవుతుందో మాత్రం ఏ పాఠంలోనూ చెప్పలేదు. మన ఇళ్ళలో అది బొంత అవుతుంది. అమ్మ కట్టి విడిచిన చీర, నాన్న పంచె, చిల్లులు పడ్డ దుప్పటి పొరలు పొరలుగా పరచుకుని, మీద రంగు ముక్కలు అతికి, దబ్బనంతో కుట్టుకుంటూ పోతే చలికాలానికి కప్పుకునే బొంత, పసిబిడ్డను పడుకోబెట్టే బొంత తయారవుతాయి. వీటిని కుట్టిన వాళ్ళలో చాలామంది బడి మొహం చూడనివాళ్ళు. అయినా ఎంత గుడ్డ పడుతుందో, ఎన్ని పొరలు వేయాలో వాళ్ళకు తెలుసు.

ఇంత పని ఉన్న వస్తువుకు మన భాషలో దక్కిన గౌరవం తక్కువ. పొసగని నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలు దానిని "అతుకుల బొంత" అంటాయి. అతుకు అంటే లోపమని, బొంత అంటే గతిలేనితనమని అర్థం వచ్చేలా వాడతారు. కొలత ప్రకారం అతికిన బొంత సంగతి వేరు. దానిలో లెక్క ఉంది, రేఖాగణితం ఉంది, ఓర్పు ఉంది. ఈ వ్యాసంలో బొంత కుట్టే పనిని సులువుగా, కచ్చితంగా చేసే పనిముట్లను గురించి, వాటి వెనక ఉన్న లెక్కను గురించి మాకు తెలిసినంత వివరిస్తాము.

పనిముట్లు అనగానే ఖరీదైనవి కొనాలని అనుకోవద్దు. వీటిలో సగం మీ జామెట్రీ బాక్సులోనే ఉన్నాయి.

1. వీసం లెక్క

పాత లెక్కల్లో ఒకటిలో సగం అర, అందులో సగం పావు, పావులో సగం పరక, పరకలో సగం వీసం. అంటే వీసం పదహారో వంతు. "వీసమెత్తు" అనే మాట అక్కడి నుంచే వచ్చింది. అంగుళంలో వీసం అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. కంటికి పెద్దగా ఆనని ఈ తేడా బొంతను ఎలా పాడు చేస్తుందో చూద్దాం.

రెండు గుడ్డ ముక్కలను కలిపి కుట్టేటప్పుడు అంచు నుంచి కొంత గుడ్డ లోపలికి వదలాలి. దీనిని దర్జీలు మార్జిన్ అంటారు. ముక్కలతో కుట్టే బొంతకు ఇది సాధారణంగా పావు అంగుళం. 6 అంగుళాల చదరం కావాలంటే నాలుగు వైపులా పావు చొప్పున కలిపి 6½ అంగుళాలు కోసుకోవాలి.

ఒక వరసలో ఏడు చదరాలు ఉన్నాయనుకోండి. వాటిని కలపడానికి ఆరు కుట్లు పడతాయి. సరిగ్గా పావు అంగుళంలో కుడితే, రెండు చివర్ల మార్జిన్ తీసివేయగా, వరస 42 అంగుళాలు వస్తుంది. ఇప్పుడు కుట్టు ఒక్క వీసం లోపలికి పడిందనుకుందాం. ప్రతి కుట్టు దగ్గర అటు ముక్కలో ఒక వీసం, ఇటు ముక్కలో ఒక వీసం, మొత్తం రెండు వీసాలు పోతాయి. ఆరు కుట్లకు పన్నెండు వీసాలు. అంటే ముప్పావు అంగుళం! ఒక వరస సరిగ్గా వచ్చి, దాని పక్క వరస ముప్పావు అంగుళం తగ్గితే ఆ రెండింటి మూలలు ఎలా కలుస్తాయి? లాగి కుడితే ముడతలు పడతాయి. ముడత పడ్డచోట గుడ్డ నలిగి ముందుగా అక్కడే చిరుగుతుంది.

దీనిని బట్టి తెలిసేది ఏమిటంటే, బొంతలో తప్పు కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. ఎన్ని కుట్లు ఉంటే అన్ని రెట్లు అవుతుంది. కాబట్టి మంచి పనిముట్టు అంటే మొదటి ముక్కకు ఏ కొలత ఇచ్చిందో చివరి ముక్కకూ అదే కొలత ఇచ్చేది.

2. కొలిచే పనిముట్లు

మన పెద్దవాళ్ళు జానలతో, మూరలతో, బెత్తలతో కొలుస్తారు. ఒక్కరే కూర్చుని మొత్తం కుట్టేటప్పుడు ఆ కొలత చక్కగా సరిపోతుంది, ఎందుకంటే చెయ్యి మారదు. ఇద్దరు కలిసి కుడితేనే చిక్కు. అమ్మ జాన వేరు, చెల్లి జాన వేరు. పనిని పంచుకోవాలంటే అందరికీ ఒకటే కొలత ఉండాలి.

టేపు: దర్జీ టేపుకు ఒకవైపు 60 అంగుళాలు, మరోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. చివరన ఉండే రేకు ఊడిపోతే మొదటి అంగుళం తగ్గుతుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందు టేపును స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడాలి. ఒక బొంతకు మొదటి నుంచి చివరి దాకా ఒకే టేపు వాడాలి. అంగుళాలు, సెంటీమీటర్లు కలిపి వాడకూడదు. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. దానిని 6 అని కొందరు, 7 అని కొందరు అనుకుంటే మళ్ళీ వీసాల గొడవే.

మూలమట్టం: గోడ కట్టే మేస్త్రీ దగ్గర, వడ్రంగి దగ్గర ఉండే పనిముట్టు ఇది. మూల 90 డిగ్రీలు ఉందో లేదో చూపుతుంది. చిన్న ముక్కలకు జామెట్రీ బాక్సులోని త్రికోణపు మూలమట్టాలు చాలు. బొంతంత పెద్ద గుడ్డకు పైథాగరస్ సిద్ధాంతం అక్కరకు వస్తుంది. మూల దగ్గర నుంచి ఒక అంచు మీద 30 అంగుళాల దగ్గర గుర్తు, రెండో అంచు మీద 40 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 50 అంగుళాలు ఉంటే మూల లంబకోణమే. ఎక్కువ ఉంటే మూల విచ్చుకుంది, తక్కువ ఉంటే ముడుచుకుంది.

దారం: బొంత అంతా చదునుగా ఉందా, ఒక పక్కకు ఒరిగిందా తెలుసుకోవడానికి దారం చాలు. ఎదురెదురు మూలలకు దారం పట్టి కొలవాలి. ఎదురెదురు అంచులు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానమైతే అది దీర్ఘచతురస్రం. కర్ణాలు తేడా వస్తే సమాంతర చతుర్భుజం. తొమ్మిది, పది తరగతుల్లో బట్టీ పట్టిన ఈ మాట నేల మీద పరచిన గుడ్డ మీద చూస్తే మరిచిపోరు.

3. గీసే పనిముట్లు – అచ్చు

ప్రతి ముక్కనూ టేపుతో కొలిచి కోయడం కంటే ఒకే అచ్చు తయారు చేసుకుని దాని చుట్టూ గీసుకోవడం మేలు. అట్టముక్క అందరికీ దొరుకుతుంది. అయితే ఇరవై ముప్పై సార్లు గీసేసరికి దాని అంచులు, మూలలు అరిగిపోతాయి. పాత ఎక్స్‌రే ఫిల్ము గానీ, ప్లాస్టిక్ ఫైలు అట్ట గానీ దీనికి బాగా పనికివస్తుంది. అరగదు, కత్తెరతో తెగుతుంది, కింద గుడ్డ మీది పువ్వు ఎక్కడ పడుతుందో కూడా కొంతవరకు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక నియమం మరవకూడదు. కోసిన గుడ్డ ముక్కను పెట్టి మరో ముక్క కోయకూడదు. మొదటి ముక్క వీసం పెరిగితే రెండోది రెండు వీసాలు పెరుగుతుంది. ప్రతిసారీ అసలు అచ్చునే పెట్టాలి.

గీతకు దర్జీ సుద్ద మంచిది. దాని అంచును బ్లేడుతో పదును చేసుకోవాలి, ఎందుకంటే మొద్దు సుద్ద గీసే గీత వెడల్పే ఒక వీసం ఉంటుంది. సుద్ద లేకపోతే అరిగి పల్చబడిన సబ్బు ముక్క చాలు. ముదురు రంగు గుడ్డ మీద సన్నని గీత పడుతుంది, ఉతికితే పోతుంది. బాల్‌పెన్ను మాత్రం వాడవద్దు. ఉతికినప్పుడు పోకపోగా చుట్టూ పాకుతుంది.

జామెట్రీ బాక్సుతో షడ్భుజి: వృత్తలేఖినిని అంగుళంన్నర విప్పి వృత్తం గీయండి. వృత్తలేఖిని కదలకుండా అదే కొలతతో వృత్తం మీద వరసగా గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు పడతాయి. వాటిని కలిపితే క్రమ షడ్భుజి. ఇలాంటి ఆకారాలు పాత నోటుపుస్తకం అట్టతో ఎన్నో కోసుకుని, ఒక్కొక్క దాని మీద పావు అంగుళం ఎక్కువగా కోసిన గుడ్డను మడిచి కచ్చా కుట్టు వేయాలి. తరువాత అంచుకు అంచు చేర్చి సన్నగా కుట్టాలి. చుట్టూ ముక్కలు చేరాక లోపలి అట్ట తీసేయవచ్చు. తేనెపట్టులాగా సందు లేకుండా కలుస్తాయి. ఇంగ్లండులో ఈ పద్ధతి పాతది. అక్కడి పాత బొంతల్లో కొన్నింటి లోపల తీయకుండా వదిలేసిన ఉత్తరాల కాగితాలు, పద్దుల కాగితాలు దొరికాయి.

త్రిభుజాల లెక్క: చదరాన్ని కర్ణం వెంట కోసి రెండు రంగుల త్రిభుజాలు కలపడం చాలా అందంగా ఉంటుంది. ఇక్కడ చాలామంది మామూలు చదరానికి లాగే అర అంగుళం కలిపి కోస్తారు, ముక్క చిన్నదవుతుంది. ఎందుకంటే కర్ణం వైపు కూడా కుట్టుకు గుడ్డ కావాలి. సమద్విబాహు లంబకోణ త్రిభుజం చుట్టూ పావు అంగుళం పెంచితే దాని భుజం ¼ × (2 + √2) పెరుగుతుంది. √2ను 1.414గా తీసుకుంటే ఇది 0.85 అంగుళం. దానిని పైకి సర్దితే పధ్నాలుగు వీసాలు, అంటే ⅞ అంగుళం. 6 అంగుళాల చదరం రెండు త్రిభుజాలతో రావాలంటే 6⅞ అంగుళాల చదరం కోసి కర్ణం వెంట రెండు చేయాలి. √2 ఎందుకు నేర్చుకున్నామని అడిగేవారికి ఇదొక జవాబు.

4. కోసే పనిముట్లు

కత్తెర పట్టకముందు గుడ్డను చదవాలి. నేసేటప్పుడు పొడవునా సాగే పోగులు పడుగు, అడ్డంగా పోయేవి పేక. పడుగు వెంట గుడ్డ చాలా తక్కువ సాగుతుంది, పేక వెంట కొంచెం సాగుతుంది, ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. అందుకని చదరం అంచులు పడుగు పేకలకు సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా కోసిన ముక్క కుట్టేటప్పుడు చేతిలోనే పెరుగుతుంది.

సాదా నేత నూలు గుడ్డకు తిన్నని గీత తెలుసుకోవడానికి ఏ పనిముట్టూ అక్కరలేదు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చింపితే పోగు వెంటే చిరుగుతుంది. పెద్ద పట్టీలకు ఇదే సులువు. బాగా నలిగిన చీర అయితే అడ్డదిడ్డంగా చిరగవచ్చు కాబట్టి ముందు కొసన చూసుకోవాలి. లేదా ఒక పోగును లాగితే ఏర్పడే సన్నని దారి వెంట కత్తెరతో కోయవచ్చు.

కత్తెర: గుడ్డకు ఒక కత్తెర, కాగితానికి ఒక కత్తెర విడిగా ఉంచుకోవాలి. కాగితం కోస్తే పదును పోతుంది. పదును పోయిన కత్తెర గుడ్డను కోయడానికి బదులు నములుతుంది. కోసేటప్పుడు గుడ్డను ఎత్తకుండా బల్ల మీదనే ఉంచి, కింది అలుగును బల్లకు ఆనించి నడపాలి.

రోటరీ కట్టర్: పిజ్జా కోసే చక్రంలాగా గుండ్రని బ్లేడు ఉన్న కత్తి ఇది. జపానుకు చెందిన ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది. 45 మిల్లీమీటర్ల బ్లేడు ఎక్కువగా వాడతారు. పారదర్శకమైన మందపాటి అక్రిలిక్ స్కేలు గుడ్డ మీద నొక్కిపెట్టి, దాని అంచు వెంట చక్రం దొర్లిస్తే నాలుగైదు పొరలు ఒకేసారి తెగుతాయి. గీయడం, తరువాత కోయడం అనే రెండు పనులు ఒకటవుతాయి. అయితే కింద దానికోసం చేసిన మ్యాటు ఉండాలి. లేకపోతే బల్లా పాడవుతుంది, బ్లేడూ పాడవుతుంది. ఈ బ్లేడు షేవింగు బ్లేడంత పదునైనది. ఎప్పుడూ మన వైపు కాకుండా అవతలికి తోయాలి, స్కేలు పట్టిన వేళ్ళు అంచు దాటకూడదు, కోత అయిన వెంటనే మూత వేయాలి. ఒకే రకం బొంతలు పదుల సంఖ్యలో కుట్టే సంఘాలకు ఇది కొనదగినది. ఇంటికి ఒక బొంత కుట్టుకునే వారికి కత్తెర, అచ్చు చాలు.

5. కుట్టే పనిముట్లు

సూది: చేతి సూదికి, మిషను సూదికి నంబర్లు తలకిందులుగా ఉంటాయి. చేతి సూదిలో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదిలో నంబరు పెరిగే కొద్దీ లావవుతుంది. మిషను సూది మీద 90/14 అని ఉంటే ఆ సూది మందం 0.9 మిల్లీమీటరు అని అర్థం. ముక్కలు కలపడానికి 11 లేదా 14, పొరలన్నీ కలిపి కుట్టడానికి 14 లేదా 16 నంబరు సరిపోతుంది. దబ్బనం గోనె సంచికి, బాగా మందపు బొంతకు మంచిదే కాని పల్చని చీరకు పెద్ద చిల్లు చేస్తుంది. మూడు నాలుగు పొరలకు పొట్టి చేతి సూది మేలు. పొట్టి సూదితో కుట్టు సన్నగా, వరసగా వస్తుంది.

దారం: చేతికుట్టుకు మూరెడు దారం, అంటే 18 అంగుళాలు చాలు. పొడవు ఎక్కువైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి పదేపదే దూరి నలిగి తెగుతుంది. తేనెమైనం ముద్దకు దారాన్ని ఒకసారి రాసుకుంటే చిక్కుపడదు.

అంగుస్తాన: సూది వెనక భాగాన్ని తోసే నడిమి వేలికి పెట్టుకునే లోహపు తొడుగు. మన ఇళ్ళలో దీనిని వాడేవారు తక్కువ. బొంత కుట్టే అమ్మల నడిమి వేలి కొసను చూడండి, సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం గట్టిపడి ఉంటుంది. దానిని నేర్పు గుర్తుగా చెప్పుకుంటాం కాని అది నొప్పి గుర్తు. చిన్న తొడుగు ఆ నొప్పిని తప్పిస్తుంది. మొదటి రెండు రోజులు ఇబ్బందిగా ఉన్నా తరువాత చెయ్యి అలవాటుపడుతుంది. పొరల్లో చిక్కుకున్న సూదిని లాగడానికి పాత సైకిలు ట్యూబు ముక్క పట్టుకుంటే జారదు, పళ్ళతో లాగే పని ఉండదు.

దారం ఎక్కించే తీగ: సన్నని తీగ ఉచ్చు సూది బెజ్జంలో దూర్చి, ఉచ్చులో దారం పెట్టి వెనక్కు లాగితే దారం ఎక్కుతుంది. నలభై దాటి చత్వారం వచ్చిన వారు "ఒరే, కొంచెం దారం ఎక్కించి పో" అని పిల్లల కోసం ఎదురుచూసే పని తప్పుతుంది. చూపు తగ్గినంత మాత్రాన నేర్పు తగ్గదు. ఈ చిన్న తీగ, కిటికీ పక్క వెలుతురు ఉంటే వారి చేతిపని మరెన్నో ఏళ్ళు సాగుతుంది.

మిషనుకు పావు అంగుళం హద్దు: మిషను మీద కుట్టేటప్పుడు మార్జిన్ సమానంగా రావడానికి పావు అంగుళం పాదం విడిగా దొరుకుతుంది. అది లేకపోయినా నష్టం లేదు. సూది కింద స్కేలు పెట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి సూదిని సరిగ్గా పావు అంగుళం గీత మీదకు దించండి. స్కేలు అంచు వెంట ప్లేటు మీద స్టిక్కింగ్ టేపును నాలుగైదు మడతలు మందంగా అంటించండి. గుడ్డ అంచు ఆ గట్టుకు ఆనుకుని నడుస్తుంది. గుడ్డను కదిపే పళ్ళ మీద టేపు పడకుండా చూసుకోవాలి. తరువాత రెండు పాత ముక్కల మీద కుట్టి కొలిచి చూశాకే అసలు పని మొదలుపెట్టాలి. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు ఉంటే అంగుళానికి సుమారు పది కుట్లు పడతాయి. ముక్కలు అతకడానికి అది చాలు.

6. పొరలను నిలిపే పనిముట్లు

ముక్కలు కలపడం అయ్యాక పైపొర, నడిమి పొరలు, వెనక పొర కలిపి కుట్టాలి. కుట్టేటప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జారడం వల్లనే వెనక ముడతలు వస్తాయి. నేల మీద వెనక పొరను బిగువుగా పరచి, అంచులకు బరువులు పెట్టి, మిగతా పొరలు పరచి, నడుమ నుంచి బయటికి పిన్నీసులు పెట్టుకుంటూ రావాలి. బెత్తెడుకు ఒక పిన్నీసు ఉండాలి. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా నడుమ పోగుపడుతుంది. పిన్నీసులు తక్కువైతే కచ్చా కుట్టు వేసుకోవచ్చు, తరువాత తీసేయాలి. మనం బట్టలకు, బడి బ్యాడ్జీలకు పెట్టుకునే ఈ పిన్నీసుకు 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు.

ఇస్త్రీ పెట్టె కూడా కొలత పనిముట్టే. ప్రతి కుట్టు తరువాత మార్జిన్‌ను ముదురు రంగు వైపు మడిచి ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి నొక్కాలి. రుద్దితే ముక్క సాగుతుంది. కరెంటు లేనప్పుడు స్టీలు గరిటె కాడతో గట్టిగా గీస్తే మడత నిలుస్తుంది. పక్క పక్క వరసల మార్జిన్లు ఎదురెదురు దిశల్లో ఉంటే మూలలు ఒకదానికొకటి తట్టుకుని సరిగ్గా కూర్చుంటాయి.

కొత్త గుడ్డ కలిపేటట్లయితే ముందే ఉతికి ఆరవేయాలి. పాత చీర కుంచించుకోవలసినంత అప్పుడే కుంచించుకుపోయింది, కొత్త గుడ్డ ఇంకా కుంచించుకుంటుంది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో కూడా చూసుకోవాలి.

7. ఒక బొంత లెక్క

ఇంతవరకు చెప్పుకున్నదంతా ఒక ఉదాహరణలో చూద్దాం. ఒక్కరు కప్పుకునే బొంత: 42 అంగుళాల వెడల్పు, 66 అంగుళాల పొడవు.

• 6 అంగుళాల చదరాలు, వరసకు 7 చొప్పున 11 వరసలు. మొత్తం 77.
• రెండు రంగులు ఒకటి విడిచి ఒకటి. ఒక రంగు 39, మరో రంగు 38. రెండు వైపులా బేసి సంఖ్యలు కాబట్టి నాలుగు మూలలా ఒకే రంగు వస్తుంది.
• కోత కొలత 6½ అంగుళాలు. 45 అంగుళాల వెడల్పున్న చీరలో అడ్డంగా ఆరు చదరాలకు 39 అంగుళాలు పోతుంది. మిగిలిన 6 అంగుళాలు రెండు వైపులా చీర అంచులకు వదలవచ్చు.
• ఒక్కో రంగుకు 7 పట్టీలు. అంటే చీర పొడవులో 45½ అంగుళాలు చాలు.
• నడిమి పొరలు రెండు, వెనక పొర ఒకటి. అయిదున్నర మీటర్ల చీర సుమారు 216 అంగుళాలు. దానిని మూడు చేస్తే ఒక్కొక్కటి 72 అంగుళాలు. మన పొడవు 66 కాబట్టి రెండు కొసలా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉంటుంది. వెడల్పులో కూడా మూడు అంగుళాలు మిగులుతుంది. పొరలు కుట్టేటప్పుడు కొంత లోపలికి గుంజుకుంటుంది కనుక ఈ ఎక్కువ ఉండాలి.
• చుట్టుకొలత 216 అంగుళాలు. చుట్టూ గోటు వేయడానికి, మూలల మడతలకు, అతుకుకు కలిపి 226 అంగుళాల పట్టీ కావాలి. ముక్కలు కోయగా మిగిలిన చీరల అంచులు ఒకదానికొకటి కలిపితే ఇది వస్తుంది.

అంటే మూడు పాత చీరలతో ఒక బొంత తయారవుతుంది, రెండు చీరల్లో చాలా భాగం మరో బొంతకు మిగులుతుంది. వరసలు పదకొండు కాబట్టి హాస్టల్లో పదకొండు మంది చేరి తలా ఒక వరస కుట్టవచ్చు. అప్పుడు ఒకే అచ్చు, ఒకే పావు అంగుళం ఎందుకు కావాలో తెలుస్తుంది. పదకొండు వరసలు పక్కపక్కన పరిచినప్పుడు మూలలు కలిశాయంటే పదకొండు చేతులు ఒక మాట మీద నిలిచాయన్నమాట.

8. కొలత లేని బొంతలు లేవా?

ఉన్నాయి. అన్ని బొంతలకూ ఒకటే లెక్క వర్తించదు. పక్కనున్న కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. ఆఫ్రికా నుంచి మన దేశానికి తీసుకురాబడిన వారి సంతతి. వారి స్త్రీలు కుట్టే బొంతను కవంది అంటారు. ముందుగా ముక్కలను ఒకదానికొకటి కలపరు. కింద చీర పరచి, అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క మీద ముక్క పెట్టి సాదా కుట్టు వేసుకుంటూ చుట్టూ తిరిగి నడుముకు చేరతారు. అక్కడ ముక్క చిన్నదైతే పక్క ముక్క కొంచెం ముందుకు జరుగుతుంది. తప్పు గుణించుకుపోయే అవకాశమే ఉండదు. బెంగాల్ కాంతా కూడా పాత చీరల పొరల మీద సాదా కుట్టుతోనే నడుస్తుంది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు బానిసలుగా బతికిన వారి మనుమరాళ్ళు, మునిమనుమరాళ్ళు. అరిగిపోయిన పని బట్టలతో, తమకు తోచిన ఆకారాలలో బొంతలు కుట్టారు. చలికి కుట్టుకున్న ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తరువాత న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో స్టాంపులు తెచ్చింది. వాటిలో గీతలు వంకరగా ఉంటాయి. ఆ వంకర వారు కోరి తెచ్చుకున్నది.

అదే ప్రాంతంలో పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లో, 1966లో, స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పెద్ద నగరాల దుకాణాలకు బొంతలు అమ్మారు. 1972లో సియర్స్ అనే పెద్ద కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టి ఇచ్చే ఒప్పందం కుదిరింది. దుకాణం వారికి కావలసింది అన్నీ ఒకే కొలతలో ఉన్న సరుకు. దిండుకు పట్టని గలీబును ఎవరూ కొనరు. ఇంటి బొంతకు మనసు, ఆర్డరు సరుకుకు కొలత. రెండూ తెలిసిన చేతికి రెండు దారులు ఉంటాయి. కొలత తెలిసినవాళ్ళు కావాలంటే దానిని దాటవచ్చు, తెలియనివాళ్ళకు ఆ ఎంపిక ఉండదు.

ముగింపు

మన ఊళ్ళలో బొంత కుట్టిపెట్టే ఆడవాళ్ళకు ఇచ్చే కూలి ఎవరి మాటను బట్టి వారిది. "పాత గుడ్డలేగా" అని బేరమాడతారు. పనికి కొలత లేకపోతే ధరకు కూడా కొలత ఉండదు. 77 ముక్కలు, ఒక్కో వరసకు ఆరు కుట్లు, వరసలు కలిపే పది పొడవాటి కుట్లు, నాలుగు పొరలు, 216 అంగుళాల గోటు అని కాగితం మీద రాసి చూపిస్తే ఆ పని ఎంతో అందరికీ కనిపిస్తుంది. డ్వాక్రా సంఘమైనా, ఒక్క మనిషైనా ధర అడగడానికి అది ఆధారం. చదువుకున్న మన వల్ల ఇంట్లోవారికి జరగగల చిన్న మేలు ఇదేనని మా అభిప్రాయం. కుట్టు వారు నేర్పుతారు, లెక్క మనం రాసి ఇవ్వాలి.

కనుక తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న పాత బొంతను టేపు పెట్టి కొలవండి. ఎన్ని పొరలో, ఎన్ని ముక్కలో, ఎవరి చీర ఎక్కడుందో అమ్మనో అమ్మమ్మనో అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చేటప్పుడు ఒక అంగుస్తాన, ఒక దారం ఎక్కించే తీగ వారికి కొని ఇచ్చి రండి.

మీరే లెక్క కట్టండి

5 అంగుళాల చదరాలతో, వరసకు 9 చొప్పున 13 వరసల బొంత కుట్టాలి. (అ) మొత్తం చదరాలు ఎన్ని? (ఆ) కోత కొలత ఎంత? (ఇ) ప్రతి కుట్టు వీసం లోపలికి పడితే ఒక వరస ఎంత తగ్గుతుంది? (ఈ) 45 అంగుళాల వెడల్పున్న చీర వెనక పొరకు సరిపోతుందా?

జవాబులు: (అ) 117. (ఆ) 5½ అంగుళాలు. (ఇ) ఎనిమిది కుట్లకు పదహారు వీసాలు, అంటే సరిగ్గా ఒక అంగుళం. (ఈ) సరిపోదు. బొంత వెడల్పే 45 అంగుళాలు కాబట్టి గుంజుబాటుకు ఏమీ మిగలదు. పక్కన ఒక పట్టీ అతకాలి.